వంతు

కుహ్మోలో నవంబరు. మూడింటికే చీకటి.
వంటింటి బల్ల మీద నా లాప్‌టాప్,
దాని ముందు మా నాన్న ఔకుస్తి,
ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు,
తెర నిండా పదివేల ఏళ్ల కిందటి మంచు.

"ఇది కదలదేం?"
నువ్వు కదిలితేనే కదులుతుంది నాన్నా.
ఒక మీట నొక్కితే ఒక అడుగు,
ఆ అడుగుకి లోకమంతా ఒక్క ఊపిరి తీస్తుంది.
నీ వంతు, తర్వాత నీవాళ్ల వంతు,
ఆఖర్న ఎల్క్ వంతు.
ఊరికే ఆగాలంటే చుక్క మీట.

వరసగా నలభై మూడు చుక్కలు నొక్కాడు.
ముప్ఫై ఏళ్లు వేటగుంపులో మాటు కాసిన మనిషి,
ఆటని ఆగడంతోనే మొదలెట్టాడు.

రెండేళ్లుగా రాస్తున్నాను ఈ గుంపు వేట.
ఒంటరి వేట తేలిక:
గాలి ఎటు, దూరమెంత, బరిసె పదునెంత,
మూడంకెలు గుణించి పాచిక విసరడమే.
ఐదుగురయ్యేసరికి అడవి ఇరుకైపోయింది.
సొంపా గాలివాటుకి ఎదురు నిలబడాల్సింది పోయి
తన ఒంటి వాసనతోనే మందని తరిమేస్తాడు.
కేక వెయ్యాల్సిన వంతులో
అయ్‌నిక్కి బెర్రీలు ఏరుకుంటుంది.
ఉక్రి విసిరిన బరిసె ఎల్క్‌ని దాటి
పొద అవతలి లెంపో వీపులో దిగుతుంది.
మర్నాడు లెంపో లేచి, ఏమీ జరగనట్టు
ఉక్రి పక్కనే చలి కాచుకుంటాడు.
పగకి ఒక అంకె ఇవ్వడం
నాకింకా చేతకాలేదు.

నాన్న అది చూశాడు. నవ్వలేదు.
కాఫీ చల్లారేదాకా మాట్లాడలేదు.

"ఎనభై ఏడులో, కౌకో నా ఎడమ చేతి మాటు.
మాటులోంచి కదలకూడదు, అదొక్కటే చట్టం.
థర్మాస్ మూత దొర్లిపోయిందని మూడడుగులు వేశాడు.
చెమటగా ఉందని ఎర్రటోపీ జేబులో పెట్టాడు.
పొదలో గోధుమరంగు కదిలింది.
నా గురి దాని మీద నిలిచింది."

తర్వాత?

"తర్వాతేం లేదు. ఎందుకో కాల్చలేదు.
సాయంత్రం నిప్పు చుట్టూ సాసేజ్‌లు కాల్చుకున్నాం.
పెద్ద ముక్క వాడే తిన్నాడు.
పోయిన వసంతంలో గుండె ఆగిపోయాడు గదా,
వాడికా సంగతి తెలీదు."

ఆ రాత్రి పదకొండు వరసలు రాశాను:
ఎత్తిన బరిసె దారిలో
తనవాడు ఉన్నాడన్న రుజువు అక్కర్లేదు,
ఉన్నాడేమోనన్న అనుమానం చాలు, చెయ్యి దించెయ్.

తంపెరె నుంచి, ఆట పరీక్షించే కుర్రాడు ఎలియెల్ రాశాడు:
ఎల్క్ ఎదురుగా ఉన్నా ఉక్రి విసరలేదు,
వేట చెడింది, లోపం దిద్దండి.
లోపం కాదు, అని రాసి
కొట్టేసి
ఉక్రికి ఎందుకో మనసొప్పలేదు, అని పంపాను.

ఇంకో లోపం నిజంగానే ఉంది.
మాంసం పంచేటప్పుడు, మా ఊరి పద్ధతే పెట్టాను:
ఒకడు వెనక్కి తిరిగి నిలబడతాడు,
ఇంకొకడు కుప్ప మీద చెయ్యి పెట్టి
"ఇది ఎవరి వంతు?" అంటాడు,
చూడనివాడు పేరు చెబుతాడు.
లెక్క సున్నా నుంచి మొదలవుతుందని మరిచాను,
ఐదుగురికి ఆరు కుప్పలు పడుతున్నాయి.
రేపు దిద్దుతానంటే
నాన్న కళ్లద్దాలు తుడుచుకుంటూ, "దిద్దకు" అన్నాడు.

అర్ధరాత్రి దాటాక నీళ్లకి లేచాను.
కుర్చీలోనే నిద్రపోయాడు,
చూపుడువేలు చుక్క మీటకి వెంట్రుకవాసి దూరంలో.
కిటికీ అవతల మంచు
ఎవరి వంతూ అడక్కుండా పడుతోంది.
తెర మీద ఐదుగురూ ఎవరి మాటులో వాళ్లు,
అయ్‌నిక్కి నోరు తెరిచి ఉంది, కేక ఇంకా రాలేదు.
ఎల్క్ ముందుకాలు ఎత్తింది,
దించడానికి మా నాన్న మేలుకోవాలి.

ఛార్జర్ గుచ్చి
దీపం ఆర్పాను.