పూత, పూట

డెరిక్‌కు ‘త’ నోరు తిరగదు.
పొద్దున్నే కోటు విప్పుతూ అడుగుతాడు:
‘పూట నిలిచిందా?’
నేర్పింది నేనే, ఓ టీ వేళ,
మామిడికీ లోహానికీ మాకు ఒకటే మాటని చెప్పి.

కల్హామ్ స్టేషన్లో దిగి నడిచొస్తే
బూట్లనిండా థేమ్స్ వరద బురద.
లోపల, గాలంతా తోడేసిన గదిలో
రాత్రంతా టంగ్‌స్టన్ ఆవిరై
రాగి పలక మీద వాలుతూనే ఉంది.
మందం ఎంతని? తల వెంట్రుకలో పదో వంతు.
కళాయి వేసేవాడి చేతికి
చింతపండు పులుపు తెలిసినట్టు
ఈ పని చేసే చేతికి నిప్పు తెలియాలి.
నాకింకా తెలియదు. అంకెలు తెలుసు.

సూర్యుడి ముక్కను అయస్కాంతాల నడుమ
గోడకు తగలకుండా వేలాడదీస్తారట.
‘తగలదనుకుంటే మనకు జీతమెందుకు?’
అంటాడు డెరిక్.
స్కన్‌థార్ప్ కొలిమి లోపల
ఇరవై రెండేళ్ళు ఇటుక పేర్చినవాడు.
ఎడమ ముంజేతి మీద ఇప్పటికీ వెంట్రుక మొలవదు.

ముప్ఫై మూడో పలకకు హీలియం సోకి బూజు పట్టింది.
ఇనుముకు తుప్పు విన్నాం గానీ
ఇంత మొండి లోహానికి బూజేమిటి!
మైక్రోస్కోపులో అచ్చం పిల్లి బొచ్చు.

ఇవాళ నలభై ఏడోది.
ఎలక్ట్రాన్ల జల్లు కింద పెట్టాం,
రెప్పపాటుకో దెబ్బ, వెయ్యి కొట్టాలని.
ఆరువందల దాకా అద్దమే.
ఆపైన మూలలో ఓ గీత,
గీత పక్కన గీత,
తొందరపడి తిప్పబోయిన అట్టులా
అంచు లేచింది.
రాగి సాగినంత టంగ్‌స్టన్ సాగదు,
ఒకే వేడిలో రెండు స్వభావాలు.
ఈ సంగతి నాకు కాగితం మీద ఎప్పుడో తెలుసు.

పట్టకారు విసిరికొట్టాను.
డెరిక్ చప్పుడు చేయకుండా
చల్లారిన పెచ్చును గోటితో తీసి
కింది రాగిని నాకు చూపించాడు:
చెక్కుచెదరలేదు. పసిబిడ్డ అరికాలి రంగు.
‘పోయింది పూటే కదా’ అన్నాడు,
‘పోవడానికేగా వేసింది.’

‘పూట కాదు, పూ...’
దిద్దబోయి ఊరుకున్నాను.

రిజిస్టరులో: నం. 47, విఫలం, 612వ దెబ్బ.
నలభై ఎనిమిదోదాన్ని స్పిరిట్‌తో తుడిచి
గదిలో పెట్టి గాలి తోడే మోటారు వేశాను.
నాలుగింటికే చీకటి.
బయట డెరిక్ కారు అద్దం మీది మంచును
పాత లైబ్రరీ కార్డుతో గీకుతున్నాడు.

పూట గడిచింది.