తాలుకాయ

నలభై మూడేళ్ళు నా వేళ్ళు
మిరపకాయ మాట విన్నాయి.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ నీడలో
తొడిమ తుంచుతూనే చెప్పేదాన్ని,
ఇది తేజ, ఇది బాడిగ,
ఇది పైకి ఎర్రగానే ఉంది గానీ లోపల బూజు.
కళ్ళు మూసుకుని తాలు ఏరేది హనుమాయమ్మేనని
మేస్త్రీ బేరగాళ్ళకి నన్ను చూపించేవాడు.

ఆ వేళ్ళే
ఇంటికొస్తే నాకు పనికిరావు.
మజ్జిగలో ముంచినా, ఆముదం రాసినా
తెల్లారేదాకా మంట.
నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా
రొమ్ము మీద చెయ్యి ఆననిచ్చేదాన్ని కాదు,
చెంబుతో పైనుంచి కుమ్మరించడమే.
ముగ్గురు పిల్లలు తాగి వదిలేసినవి,
ముట్లుడిగి పన్నెండేళ్ళు,
ఇంక వాటితో నాకేం పని అనుకున్నా.

రాహేలమ్మా అలాగే అనుకుంది.
చింతగింజంత గడ్డ.
నొప్పి లేదుగా, అనుకుంది.
పసుపు రాసింది, పైట సర్దింది,
రెండు సీజన్లు నా పక్కనే కూర్చుని తొడిమలు తుంచింది.
ఎవరికీ చెప్పలేదు.
నాకూ చెప్పలేదు.
అంత పేరున్న వేళ్ళు నావి,
మూరెడు దూరంలో ఉంది.

ఈ ఏడు యార్డు గేటు దగ్గరికి వ్యాను వచ్చింది.
అరవై దాటినోళ్ళకెందుకమ్మా, వయసు పిల్లల్ని పిలవండి, అన్నా.
నర్సు పిల్ల నవ్వలేదు.
"వయసు పెరిగేకొద్దీ దానికే వీలు, పెద్దమ్మా."
"నా చేతికి తెలవదా?"
"చేతికి తెలిసేలోపే దీనికి తెలుసుద్ది."

చల్లటి పలక.
నా మొగుడు దీపం వెలుగులో చూడనివి
ఎవరి పిల్లో చేత్తో పట్టి పలక మీద సర్దింది.
నొక్కింది, టిక్కీలోకి కాయ కుక్కినట్టు.
పళ్ళు బిగబట్టా.
రెండు తుమ్ములు తుమ్మేంత సేపు.
ఇంతకేనా, ఇన్నేళ్ళు!

కాగితం వారానికొస్తుందన్నారు.
పొద్దున్నే నల్లపాడు గేటు దాకా నడవమన్నారు,
ఒళ్ళు నొప్పులకని రాత్రి పుచ్చుకునే గుక్కెడు మానమన్నారు.
నడుస్తానన్నా.
రెండోదానికి తలూపా.

ఇవాళ ఆదివారం, యార్డు సెలవు.
నిన్నటి నుంచి కాయ ముట్టలేదు.
వేళ్ళు చల్లగా ఉన్నాయి.
తలుపు గడియ పెట్టి
ఎడమ చెయ్యి పైకెత్తి
చంక దగ్గర మొదలుపెట్టా,
మూడు వేళ్ళతో, మెల్లగా,
పేరు తెలియని కొత్తరకం కాయని
మొదటిసారి పట్టుకున్నట్టు.

రేపు
రాహేలమ్మ చోట కూర్చుంటున్న సుగుణని
ముందు ఇదే అడుగుతా.
కాయ సంగతి తర్వాత.