స్టాకు రిజిస్టరులో దూడ

వరద తీసిన పదకొండో రోజు అంగన్‌వాడీ తెరిచాను.
గోడ మీద గౌతమి గీసిన గీత
నాకు నడుం దాకా ఉంది,
పిల్లలకైతే నెత్తి మీదికి.
అక్షరాల చార్టులో
య నుంచి కిందవన్నీ ఒండ్రులోనే.

బీరువా పై అరలో ఉండబట్టి
ఆఫీసువాళ్ళిచ్చిన ఆటల పెట్టె తడవలేదు.
ముప్పైఆరు చెక్క దిమ్మలు, రంగు చెదరలేదు.
నేను తాళం తీస్తే గదా చెదరడానికి!
ఒకటి పోతే జీతంలో కోస్తారని
సూపర్‌వైజరు గారన్నారో, నేనే అనుకున్నానో
ఇప్పుడు గుర్తులేదు.

పిల్లలూ ఎన్నడూ అడగలేదు లెండి.
లంకలో ఆటవస్తువుకి కొదవేంటి?
ముంజెలు తిన్నాక మిగిలిన బుర్రలు రెండు,
మధ్యలో వెదురుపుల్ల, తొయ్యడానికి పంగలకర్ర. బండి.
కొబ్బరాకు చుడితే బూర.
అదే ఆకు మణికట్టుకి మెలేస్తే గడియారం,
అందులో ఎప్పుడూ అన్నం వేళే.
ట్రైనింగులో మాకు చెప్పారు,
ఆటవల్ల వేళ్ళకి పట్టు, కంటికి కొలత,
నోటికి మాట వస్తాయని.
పేజీ నిండా రాసుకున్నాను.
మా మరిడయ్య మలుపులో బండి తోలుతూ
ఎడం బుర్ర జారిపోతుందని
తనే కుడివైపుకి వంగుతాడు చూడండి,
అది ఏ పేజీలో ఉందో వెతకాలి.

లోవకుమారికి నాలుగేళ్ళు.
పడవ దిగి గట్టెక్కాక మాట మానేసింది.
అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, నాయనమ్మ ఉంది.
దూడ ఒక్కదానికే
చీకట్లో తాడు విప్పలేకపోయారు.
ఆ రాత్రి పిల్లకి ఎంత కనపడిందో
ఎవరూ అడగలేదు.
రికార్డులో ‘మాట’ అన్న గడిలో
పోయిన నెల నేనే రాశాను, ‘వాగుడుకాయ’ అని.
కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు.

చేతిపంపు దగ్గర నీళ్ళు నిలిచిన గుంట.
అదే గోదారి.
కొబ్బరి చిప్పలో మూడు చింతపిక్కలు.
ఒడ్డున ఒండ్రుమట్టి ముద్ద, నాలుగు పుల్లలు గుచ్చి.
పడవ వెళ్ళిపోయింది.
వెళ్ళిన చిప్పతోనే నీళ్ళు తెచ్చి
ముద్ద మీద పోసింది.
కరిగేదాకా పోసింది.
పుల్లలు తేలాయి.

రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే.
“పాడాటండీ, మానిపించండి” అంది ఆయా మంగాయమ్మ.
నాకూ లేచి వెళ్ళాలనే ఉంది.
గరిటె పట్టుకుని నిలబడిపోయాను,
గిన్నెలో నీళ్ళింకి గుడ్లు మాడేదాకా.

అయిదోరోజు ముద్దని చిప్పలోకి ఎక్కించింది.
బరువుకి వాలింది, మునిగింది.
పిక్కల్ని ఒక పక్క, ముద్దని ఒక పక్క. మునిగింది.
ముద్దని చిన్నది చేసింది, తలకాయ పోయింది.
అప్పుడు నావైపు చూసింది.
సాయానికి కాదు.
ఉన్నానో లేదో అని.

తాళం తీశాను.
ఎర్ర దిమ్మ ఒకటి తెచ్చి
ఏమీ అనకుండా గుంట పక్కన పెట్టి వచ్చేశాను.
చాలాసేపు ముట్టలేదు.
వాసన చూసింది, నాలికతో చూసింది,
నీళ్ళలో వేసి ఊపిరి బిగబట్టింది.
చెక్క కదా, తేలింది.
గౌను అంచు పోగు లాగి దానికి తాడు కట్టింది.
చిప్ప వెనకాలే ఈదించుకుంటూ
ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి
“మోరెత్తే, మోరెత్తు! అదిగో వచ్చేసింది గట్టు” అంది.
పదహారు రోజుల గొంతు,
ముసలి సరంగుదిలా బొంగురుగా.

సాయంత్రం దిమ్మని నేను అడగలేదు.
తాడుతో సహా ఇంటికి తోలుకుపోయింది.

నెలాఖరున తనిఖీ.
ఆటవస్తువులు: ముప్పైఅయిదు.
తేడా: ఒకటి.
‘కారణం’ గడి మరీ ఇరుకు, ఒక్క మాటే పడుతుంది.
‘దూడ’ అని రాసి
సంతకం పెట్టాను.