మూడొందల పది గ్రాములు

నిన్న రాత్రి రెండు మరలు ఊడదీశాను.
ఒక్కోటి గ్రామున్నర.
థర్మాకోల్ పెట్టెను లోపలివైపు బ్లేడుతో గీరాను,
దోసకాయ గింజలు తీసినట్టు.
బ్యాటరీ వైరు బెత్తెడు కత్తిరించాను.
అయినా తూకం ఒప్పుకోలేదు.
చివరికి నా పేరున్న చీటీ కూడా పీకేసి
ఫోన్ నంబరొక్కటే పెన్నుతో రాశాను.
మూడొందల పది.

గాదంకిలో ఇంకా తెల్లారలేదు.
నిండుతున్న బెలూను మెడ పట్టుకుని మునిరత్నం
"నిలువు, నిలువు" అంటున్నాడు
పొదుగుకు ఎగబడే దూడతో అన్నట్టు.
వదిలాం.

దాని పని చాలా చిన్నది.
అగ్గిపెట్టెంత ఫ్యాను గాలిని పీలుస్తుంది.
లోపల ఎర్రటి వెలుగు, ఒక్క గీత.
దాన్ని దాటే ప్రతి రేణువూ
ఒకసారి మినుక్కుమని లెక్కలో పడుతుంది.
పేరడగదు, ఊరడగదు,
సైజు మాత్రం రాసుకుంటుంది.

పూతలపట్టు రోడ్డు లారీల దుమ్ము.
పొద్దుటి పొయ్యిల పొగ.
రెండు కిలోమీటర్ల పైన పల్చటి పొర ఒకటి,
సముద్రం ఉప్పో, ఎక్కడో కాలిన అడవో
నాకు తెలీదు.
ఆరు దాటాక దాదాపు ఏమీ లేదు.
ఆ ఏమీ లేనిదాన్ని కూడా ఓపిగ్గా లెక్కపెట్టి
సున్నా, సున్నా, ఒకటి, సున్నా
అని పంపుతూనే ఉంది.

బెలూను పగిలిన చప్పుడు మాకు వినపడదు.
ఎత్తు చూపే అంకె వెనక్కి నడుస్తుంది, అంతే.

దిగేటప్పుడు, చివరి రెండొందల మీటర్లలో
గీత ఒక్కసారిగా పేజీ దాటిపోయింది.
చెడిపోయిందనుకున్నాను.

మధ్యాహ్నం ఫోను.
"అమ్మా, ఈ పెట్టె మీదేనా? మా చెరకులో పడుండాది."

చంద్రగిరి దాటాక మట్టిరోడ్డు.
చెంగల్రాయుడి బెల్లం గానుగ.
పెనం కింద పిప్పి మండుతోంది,
పిప్పితో పాటు తెగిన చెప్పులూ టైరు ముక్కలూ.
నల్లటి పొగ, తొందరేమీ లేకుండా,
మా గీత పేజీ దాటిన చోటికి లేస్తోంది.

"ఇంత తేలిగ్గా ఉండాదే!"
తక్కెట్లో పెట్టాడు. అవతల బెల్లం ముద్ద.
కొంచెం గిల్లి, మళ్ళీ కొంచెం గిల్లి
ముల్లు నిలబెట్టాడు.
"ఏమేం లెక్కేసిందమ్మా పైన?"

"దుమ్ము. ఉప్పు. చాలాసేపు ఏమీ లేదు."
ఆగాను.
"చివర్లో మీరు."

నవ్వలేదాయన.
పొయ్యి దగ్గర, కూతురో కోడలో,
దగ్గి, కొంగు నోటికడ్డం పెట్టుకుని
ఇంకో టైరు ముక్క ఎగదోసింది.
"పిప్పి తడిగా ఉంటే అంటుకోదు" అన్నాడు,
నాతో కాదు, పెట్టెతో.

ఫ్యాను మూతి చుట్టూ సన్నటి మసి.
భుజం మీది తువ్వాలు తీసి తుడవబోతే
చెయ్యి పట్టుకున్నాను.
"వద్దు. దీనికోసమే పంపింది."

బెల్లానికి డబ్బు తీసుకోలేదు.
తిరుగు బస్సులో రెండూ ఒళ్ళోనే.
కళ్ళు మూసుకుంటే
ఏది ఏదో తొడకు తెలియడం లేదు.