గోడమీది ఎరుపు

మా గదిలో ఎర్రగా ఉండేది అదొక్కటే.
తలుపు పక్కన, అరచేయంత మీట.
ఏదైనా తప్పు జరిగితే నొక్కాలి.
పదకొండేళ్లుగా, ఈ సెందాయి ఆసుపత్రిలో,
దాని మీద దుమ్ము తుడవడమే తప్ప
నొక్కే అవసరం రాలేదు.

ఒయికావా మిచియె గారు మొదటిరోజు
బల్లమీద కూర్చుని, కుడికన్ను అరచేత్తో మూసి
దాన్నే చూశారు.
"ఇటుక" అన్నారు.
నాకు అర్థం కాలేదు. రాసుకోనూ లేదు.

ఆవిడది షియొగామా రేవు.
తెల్లారకముందే తడి నేలమీద వరసగా పడుకోబెట్టిన
ట్యూనా చేపల మధ్య టార్చిలైటుతో నడుస్తారు.
తోక దగ్గర కోసినచోట
మాంసం ఎంత ఎరుపో చూసి వెల చెబుతారు.
ముప్ఫై ఏళ్లుగా ఆ రేవులో
ఆవిడ ఎరుపంటేనే ఎరుపు.

పోయిన చలికాలం ఒక మంచి చేపని
నిన్నటిదని పక్కకి లాగించారు.
అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.
ఇంటికెళ్లి స్నానాలగది గడియపెట్టుకుని
టూత్‌పేస్టు మూతని
ఒక కంటితో చూసి, మరో కంటితో చూశారు.
ఒకటి ఎరుపు.
ఒకటి, ఎన్నో ఉతుకులు పడ్డ ఎరుపు.

కంటికి రెప్ప కాపలా అంటాం.
కంటి వెనక నరానికో?
దానికీ ఒక తొడుగుంది, ఉల్లిపొరంత.
ఆ తొడుగే మందమెక్కి
కాపలావాడే పీక పట్టుకున్నాడు.
కత్తి పెట్టడానికి లేదు.
నరమూ తొడుగూ ఒకే నెత్తురు తాగుతాయి,
ఒకదాన్ని ఒలిస్తే రెండోది మాడి చస్తుంది,
అని డాక్టర్ హతకెయామా బొమ్మ గీసి చెప్పారు.
బొమ్మ ముల్లంగిలా వచ్చింది.
ఆ మాట అన్నది కూడా ఆవిడే.

అందుకని కిరణాలు.
ఇరవై ఎనిమిది పూటలు, శని ఆదివారాలు సెలవు.
నరం ఓర్చుకునేంత,
కంతి ఓర్చుకోలేనంత.
ఆ రెంటికీ మధ్య సందులో
బియ్యపుగింజ పడుతుందో పట్టదో.
నా ఉద్యోగం ఆ సందులో.

వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలని
ముఖం మీద పరిచి, ముక్కు పక్కన నొక్కి,
బిగుసుకునేదాకా పట్టుకున్నాను.
"వలలు నాకు కొత్తకాదు,
లోపల ఉండటమే కొత్త" అన్నారు
పెదాలు కదపకుండా.
చికిత్సయ్యాక రైలెక్కితే
మూడు స్టేషన్లదాకా చెంపలమీద గళ్లు ఉండేవట.
ఒక పిల్లాడు వేలు పెట్టి లెక్కపెట్టబోయాడట.

నాలుగోరోజు: "కాచిన టీ."
తొమ్మిదోరోజు: "నిన్నటి టీ."
పన్నెండోరోజు ఏమీ అనలేదు, చెవి పైన
వెంట్రుకలు పిడికెడు ఊడొచ్చాయి.
పదిహేనోరోజు,
"కళ్లు మూసుకునే ఉన్నాను, లోపల నీలం మెరిసింది.
ఎవరు వెలిగించారు?"
మేమే, అన్నాను.
కొందరికి అలా కనబడుతుంది.
"బావుంది. రేపూ ఉంటుందా?"

ఆఖరిరోజు కుడికన్ను మూసి
చాలాసేపు చూశారు గోడకేసి.
నేను ముసుగు చేతిలో పట్టుకుని నిలబడ్డాను,
అడగటానికి నోరు రాక.
"ఇటుక."
తల దించుకున్నాను.
"ఎందుకయ్యా? మొదటిరోజు ఇటుకే కదా!
జారిపోలేదు."

ఆరునెలలకి స్కానింగులో
హతకెయామా గారు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి
"అంతే ఉంది" అన్నారు.
ఆ రెండు మాటలకీ
మా ఇంట్లో అయితే ఎవరూ మిఠాయి పంచరు.
మా విభాగంలో ఆ పూట టీ నేనే పోశాను.

ఆకురాలే కాలంలో ఒక తెల్లవారుజామున రేవుకి వెళ్లాను.
రబ్బరుబూట్లు, కొక్కెం, ఉప్పు వాసన.
ఆవిడ తోక దగ్గర చిటికెడు మాంసం తీసి
బొటనవేలూ చూపుడువేలూ మధ్య నలుపుతున్నారు.
కొవ్వు కరిగే తీరు వేళ్లకి తెలుస్తుందట,
ఎడమకన్నుకి ఆ పని తప్పించారు.
నన్ను చూసి, పల్చగా ఒక ముక్క కోసి
కత్తిమీదే నా ముఖానికెత్తి
"ఏం రంగు?" అన్నారు.

"ఎరుపు."

"ఎరుపా? ఏ ఎరుపు?"

రెండు మంచి కళ్లు పెట్టుకుని
నిలబడిపోయాను.
ఆవిడ టార్చి ఇంకాస్త దగ్గరికి పట్టారు.