ముప్పై అయిదో బండి

రెజ్యూమేలో దానికి ఒక్క వరుస:
ఫెర్రీ టికెట్ల వ్యవస్థ, ఫుల్ స్టాక్, ఆరేళ్లు.
చదివేవాళ్లకి నాలుగు సెకన్లు.

ఫుల్ స్టాక్ అంటే ఏంటే అని
ఆల్చిప్పలు ఒలుస్తూ అడిగింది మా పిన్ని ఎదువిహెస్.
నువ్వు నొక్కే బటనూ నాదే,
నొక్కాక లోపల జరిగేదీ నాదే,
ఏమీ జరక్కపోతే పడే తిట్లూ నావే అన్నాను.
"అంటే వంటా నువ్వే, వడ్డనా నువ్వే, అంట్లూ నువ్వే."
పదకొండేళ్ల ఉద్యోగంలో
ఇంతకన్నా మంచి నిర్వచనం వినలేదు.

మొదట సాల్మన్ చేపల కంపెనీకి జీతాల పట్టీ.
తర్వాత కాస్త్రో ఊళ్లో పళ్ల డాక్టరుకి ఒక పేజీ:
నీలం బాలేదని పద్నాలుగుసార్లు మార్పించి
చివరికి మొదటి నీలమే ఖాయం చేశాడు.
ఆ తర్వాత ఫెర్రీ.

చిలోయేలో వాన కురవదు, కాపురముంటుంది.
రేవులో చెక్క గది, పొగచూరిన పొయ్యి,
మేకుకి దోన్ అబ్దోన్ కోటు.
ఆయన పోయి మూడు నెలలు. కోటు ఎవరూ తీయలేదు.
ఓడల్లో రేడియోలు బాగుచేస్తూ బతికి
యాభై దాటాక పుస్తకం చూసి కోడ్ నేర్చుకున్న మనిషి,
వేరియబుల్స్‌కి తన గొర్రెల పేర్లు పెట్టాడు.
నల్లది అంటే రోజు మొత్తం వసూలు,
కుంటిది అంటే రద్దయిన టికెట్టు.
నవ్వుకుంటూ, తిట్టుకుంటూ
పాత స్వెటర్ విప్పి ఉండ చుట్టినట్టు
ఒక్కో పోగే లాగాను.

అందులో ఒకచోట:
ఓడలో పట్టేవి ముప్పై అయిదు బండ్లు,
అమ్మేవి ముప్పై నాలుగు.
పైన కామెంట్: ముట్టుకోవద్దు.
ఎందుకో లేదు.

ఒకటి తగ్గడం మా వృత్తిలో పాత జబ్బు.
సున్నా నుంచి లెక్కపెట్టేవాడికీ
ఒకటి నుంచి లెక్కపెట్టేవాడికీ మధ్య
ఎప్పుడూ ఒకటి జారి పడిపోతుంది.
దిద్దాను. పరీక్షలన్నీ పచ్చగా వెలిగాయి.
'బగ్ పోయింది' అని రాసి
ఆ సాయంత్రం పులిసిన ఆపిల్ రసం ఒక గ్లాసు తాగాను.
మేనేజరు గ్రాఫ్ గీసి, పైకెక్కిన గీతని వేలితో నిమిరాడు.

జులై. శుక్రవారం. దీవి నుంచి ఆఖరి ఫెర్రీ.
ముప్పై అయిదు బండ్లూ ఎక్కాయి.
ముప్పై ఆరోది అంబులెన్సు.

బంగాళాదుంపల లారీ వెనక్కి దిగడానికి
ఇరవై రెండు నిమిషాలు పట్టింది,
చీకట్లో, ఈదురుగాలిలో,
లారీ అతను అరుస్తూ, నర్సు అంతకన్నా గట్టిగా అరుస్తూ.
లోపలి మనిషి బతికాడు.
ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు.
ఆ ఇరవై రెండు నిమిషాలకీ ఆ కర్రకీ సంబంధం ఉందా
అని డాక్టర్ని అడిగే ధైర్యం నాకు రాలేదు.

మర్నాడు తాళ్లు చుడుతూ సిరియాకో అన్నాడు:
"అబ్దోన్ ఉన్నన్నాళ్లూ
ఎంత రద్దీలోనూ ఒక చోటు మిగిలేది.
మా అదృష్టం అనుకునేవాళ్లం."

అదృష్టాన్ని నేను
మంగళవారం మధ్యాహ్నం, భోజనానికి ముందు, చెరిపేశాను.

మళ్లీ ముప్పై నాలుగు చేశాను.
గీత ఎందుకు దిగిందని మేనేజరు అడిగితే
ఉన్నదున్నట్టు చెప్పాను.
చాలాసేపు కిటికీలోంచి రేవు చూసి
సరే అన్నాడు. అతని తల్లిది ఆ దీవే.
'ముట్టుకోవద్దు' కింద ఎందుకో రాశాను,
నాలుగు వరుసలు,
పిన్నికి చదివి వినిపిస్తే తల ఊపేంత తేలికగా.

సోమవారం నుంచి కొత్త కుర్రాడు వస్తున్నాడు.
గొర్రెల పేర్లు మార్చేస్తానంటాడేమో. మార్చుకోనీ.

కోటు మేకుకే ఉంది.
వాన మరీ జోరైతే నేనే వేసుకుంటాను.
చేతులు పొడుగు, రెండు మడతలు పెట్టాలి.