పొట్టి పాసు

గోలీని నేను.
ఆటలో సగం సేపు నాకు వీపులే కనబడతాయి.
అందుకే మా వాళ్ల ఆట
మా వాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసు.

బిట్రగుంటలో ఆవిరి ఇంజన్లు పోయి ఎన్నేళ్లయినా
మైదానంలో వాటి నుసి పోలేదు.
మోకాలు దోక్కుపోతే రక్తం నల్లగా వస్తుంది.
నా గోలు వెనకే గోడ, గోడ వెనక మెయిన్ లైను.
బంతి గోడ దాటిందంటే
గూడ్సు చక్రాల కింద టప్‌మనడమే.
ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాదికి ఇచ్చేది రెండే బంతులు.
కాబట్టి కిందే ఆడాం.
దాన్ని శైలి అన్నది తర్వాత, పేపరు వాళ్లు.
మాకది పొదుపు.

సుదర్శనం మేస్త్రీ, పాయింట్స్‌మన్‌గా రిటైరైన మనిషి,
వెలిసిన పచ్చజెండాతో చెమట తుడుచుకుంటా అరిచేవాడు:
"ఒరే, బంతి నీ కాలికాడ ఉండాదంటే
సిగ్నలు కాడ బండి నిలబడినట్టు.
ఎనక ఎంతమంది కాచుకోనుండారో చూడు. పంపించెయ్!"

పంపించేవాళ్లు.
పెంచలయ్య ఖాసింకి, ఖాసిం డెస్మండ్‌కి,
డెస్మండ్ చూడకుండానే మడమతో మళ్లీ పెంచలయ్యకి.
నూనె రాసిన తలలో దువ్వెన దిగినట్టు
ఎదుటి జట్టులోకి దిగేవాళ్లు.
చెంచురామయ్యయితే బంతిని తన్నడు కూడా,
కాలి పక్కతో నిమిరి వదిలేస్తాడు,
వాళ్లమ్మ దోసెపెనం మీద నూనెగుడ్డ తిప్పినట్టు.
కావలి వాళ్లు ఒకసారి ఆడ్డం మానేసి
నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు.
అబద్ధం కాదు.

అయితే నాకు ఇంకోటి కనబడేది.
అందరూ బంతి దగ్గరే, ఒకరికొకరు రెండు గజాల్లో.
ఎడం పక్కంతా ఖాళీ,
బండ్లు లేని మధ్యాహ్నపు ప్లాట్‌ఫారం.
నాకూ వాళ్లకూ మధ్య
గొర్రెలమందను తోలుకుపోయేంత చోటు.
ఒకసారి పదిహేడు పాసులు లెక్కపెట్టా.
పద్దెనిమిదోది కూడా పాసే.
గోలు నోరు తెరుచుకుని ఎదురుగా ఉన్నా
నువ్వు కొట్టు, కాదు నువ్వే కొట్టు,
పంక్తిలో చివరి బూరె దగ్గర మొహమాటం.

ఇక గాలిలో వచ్చే బంతిని
మేం నేర్చుకోనే లేదు. నేను కూడా.
నా తల మీంచి కాకులు తప్ప ఏవీ పోలేదు.

మేస్త్రీకి చెప్పాను.
విన్నాడు. బీడీ ఆర్పాడు.
"పైకి కొడితే బంతి ఎవురు తెస్తారు అబ్బయా?"
ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నెల్లూరులో ఫైనల్.
గూడూరు జట్టులో మమ్మల్ని చదివినవాడెవడో ఉన్నాడు.
వాళ్లు మా కాళ్ల జోలికే రాలేదు.
పిల్లల్ని ఇసకలో వదిలినట్టు
మమ్మల్ని ఆడుకోనిచ్చారు.
బంతి దొరికినప్పుడల్లా ఒకటే పని,
వాళ్ల పొడుగాటి బ్యాకు
మా ఎడం పక్కకి ఎత్తి కొట్టడం.
మొదటిది ఎంతసేపు పైనే ఉందో!
పెన్న గాలి దాన్ని కాస్త పక్కకు నెట్టింది.
ముందుకా, వెనక్కా,
కొత్త చెప్పులు తొడిగి చూసేవాడిలా
రెండడుగులు అటూ ఇటూ వేశాను.
మూడు గోల్స్. మూడూ ఒకటే గోలు.
ముప్పాతిక సేపు బంతి మా కాళ్లకాడే ఉందని
ఇంట్లో ఎవరికి చెప్పినా అర్థం కాలేదు.

తిరుగు ప్యాసింజర్లో మాటల్లేవు.
తలమంచి దాటాక ఖాసిం అన్నాడు:
"బాగానే ఆడినాం కదబ్బా."
అదే మా జబ్బు.
అది నిజం కూడా.

మర్నాడు సాయంత్రం మేస్త్రీ నన్ను గోల్లో నిలబెట్టి
డెస్మండ్‌ని పిలిచి, "ఎత్తి కొట్టు" అన్నాడు.
వాడికి కాలు రాలేదు.
రెండుసార్లు నేలమీదే దొర్లించాడు, అలవాటు.
మూడోది లేచింది.
నేనూ ఎగిరాను. వేళ్లకు గాలి తగిలింది.
బంతి గోడ దాటి
ఖాళీ బొగ్గు వ్యాగన్‌లో పడి
డాం, డాం అని రెండుసార్లు మోగి
గూడూరు వైపు వెళ్లిపోయింది.

గార్డు పెట్టె వంపు తిరిగేదాకా నిలబడ్డాం.
ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరం.
మేస్త్రీ నవ్వలేదు.
చెవిమీది పెన్సిలు తీసి అడిగాడు:
"వ్యాగన్ నంబరు ఎవురన్నా చూసినారా?"